కొర్రబువ్వలో మందు

పాన్‌గల్ దగ్గరి ఒక ఊళ్లో కురుమూర్తికి ఇద్దరు పెళ్లాలు, ఒకటే ఇల్లు, మధ్యలో ఒక గోడ. గోడకు ఇవతల పెద్దభార్య హన్మమ్మ, అవతల చిన్నభార్య ఎంకమ్మ. ఆయన ఒక వారం ఇటు తింటాడు, ఒక వారం అటు. పాతికేళ్లుగా ఆ వంతు తప్పలేదు. ముగ్గురి తలలూ నెరిశాయి గానీ హన్మమ్మ కుళ్లు మాత్రం ఇంకా నెరవలేదు.

ఆమె గొప్పంతా ఆమె వండే వరిబువ్వలో ఉంది. బిజినేపల్లిలో చెరువు కింద పుట్టింటివాళ్లు ఇచ్చిన మడి ఆమెది. ఈ ఊరంతా మెట్ట, పండగకు తప్ప వరిబువ్వ మొహం ఎరగదు. పైగా యుద్ధం రోజులు, ఉన్నవాళ్లకే బియ్యం దొరకడం కష్టంగా ఉంది. అలాంటి కాలంలో ఆమె మొగుడికి రెండు పూటలా మెతుకు మెతుకు విడిపోయేలా వండి పెట్టేది. పైన నెయ్యి, ఆఖరున బెల్లంముక్క. ఎంకమ్మ ఏం పెట్టగలదు? కొర్రబువ్వ, తోటకూర పప్పు. అది తలుచుకున్నప్పుడల్లా హన్మమ్మకు కడుపు చల్లబడేది.

ఏడాదిగా ఆ చల్లదనం పోయింది. అటు వారం గడిపి వచ్చేసరికి కురుమూర్తి మొహం తేటగా ఉంటుంది, చేను దాకా నడిచి వస్తాడు. ఇటు వచ్చిన మూడో రోజుకే నీరసం. కడవెడు నీళ్లు తాగినా దాహం తీరదు. తిన్నచోటే కునికిపాట్లు పడతాడు. కాలికి ముల్లు గుచ్చుకుని అయిన పుండు అక్కడ మానుతూ వచ్చి, ఇక్కడ మళ్లీ చీము పడుతుంది. ఇదంతా హన్మమ్మ కళ్లారా చూసింది, చూసి తనకు తోచిన అర్థం తీసుకుంది. ఆ ముండను విడిచి ఉండలేక చిక్కిపోతున్నాడు. అది మందు పెట్టింది!

మందు పెట్టడమంటే తెలిసిందే, తిండిలో ఏదో కలిపి మగవాణ్ని కొంగున ముడేసుకోవడం. అరవయ్యేళ్ల ముసలాణ్ని ముడేసుకుని ఎంకమ్మ ఏం బావుకుంటుందని ఆమె ఒక్కసారైనా ఆలోచించలేదు. తన వంతు వచ్చినప్పుడల్లా ఒక గంటె ఎక్కువ వడ్డించేది, బెల్లంముక్క పెద్దది చేసేది. ఆయన చేయి అడ్డం పెట్టబోయి, ఆమె మొహం చూసి, చేయి తీసేసేవాడు.

ఒక పొద్దున మొగుడూ సవతీ చేనికి పోయిన సమయం చూసి హన్మమ్మ సవతి వంటింట్లో దూరింది. కుండలన్నీ వెతికింది. పొయ్యి పక్క గూట్లో మూతపెట్టిన గురిగి, పిడికెడంత మట్టికుండ, దొరికింది. లోపల నల్లటి పొడి. నాలుకకు రాసుకుంటే చేదూ వగరూ. దొరికిపోయావే దొంగముండా అనుకుని, ఆ గురిగిని ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చుంది.

మధ్యాహ్నం ఎంకమ్మ గడ్డిమోపుతో వచ్చింది.

"ఏందే ఇది? ఆయనకు ఎప్పటి సంది పెడుతున్నవే ఈ మందు?"

ఎంకమ్మ మోపు దించి గురిగి వైపు చూసింది. "ఏడాది సంది పెడుతున్న."

లేదంటుందనుకుని తిట్లు సిద్ధం చేసుకున్న హన్మమ్మ గురిగి మూత తీసి ఆమె మొహం ముందు పెట్టింది.

"మందే అక్కా. నేరేడు గింజల పొడి. వనపర్తిల హకీం సాబు ఇచ్చిండు. ఆయన ఒంట్ల తీపి ఎక్కువైందంట. ఒంటికి పోయిన కాడ చీమలు పడుతున్నయ్, నువ్వు సూస్తలేవా? వరిబువ్వ, బెల్లం బంద్ చెయ్యాలె, కొర్రలు, జొన్నలు, ఆకుకూరలు తినాలె, తిన్నంక జర నడువాలె అన్నడు. ఈ వయసుల గదే పెద్ద మందంట. లేకుంటే గా పుండు ముదిరి కాలే పోతదంట."

"మరి నాకెందుకు చెప్పలే?"

"ఆయనే వద్దన్నడు. ఒట్టు పెట్టించుకున్నడు. హన్మికి గా బువ్వ ఒక్కటే గొప్ప, గదిగూడ వద్దంటే దాని మనసు ఇరుగుతదన్నడు. గందుకే నువ్వు ఏసినంత తింటడు." ఎంకమ్మ కొంగుకు అంటిన గడ్డి దులుపుకుంది. "నా కాడ బతుకనీకె తింటడు. నీ కాడ నీ కోసం తింటడు. ఇన్నేండ్ల సంది నువ్వు నన్ను సూసి ఏడుస్తున్నవ్ గని అక్కా, ఏడవాల్సింది నేను."

నిజం చెప్పాలంటే హన్మమ్మకు ముందు కలిగింది సంతోషమే. గెలిచాననుకుంది. ఆ తర్వాత ఆ కాలు గుర్తొచ్చింది. రోజూ చీము తుడిచిన చేతులతోనే బెల్లం పెట్టింది. సిగ్గుతో తల ఎత్తలేకపోయింది. గురిగిని ఎంకమ్మ చేతికిచ్చి అడిగింది.

"కొర్రలు ఎట్ల వండుతవే?"

పాతికేళ్ల కిందట సవతి ఈ ఇంట్లో కాలు పెట్టిన రోజు కన్నా ఆ మాట అడగడం ఆమెకు కష్టమైంది. ఎంకమ్మ ఏమీ దాచుకోకుండా, ఎంతసేపు నానబెట్టాలో, ఎన్ని నీళ్లు పోయాలో చెప్పింది.

హన్మమ్మ వంతు వచ్చింది. కురుమూర్తి కంచం ముందు కూర్చుని, కొర్రబువ్వనూ తోటకూర పప్పునూ చూసి ఆగిపోయాడు.

"బియ్యం ఏమైనయే?"

"అయిపోయినయ్."

బియ్యం కుండ ఆయన వెనకే నిండుగా ఉంది. ఆయన వెనక్కి తిరిగి చూడలేదు. కలుపుకుని నాలుగు ముద్దలు తిన్నాడు. మొహం వికసించింది.

"అచ్చం ఎంకి వండినట్టే ఉన్నదే," అన్నాడు.

పాతికేళ్లుగా ఏ మాట వినకూడదని ఆమె మడిబియ్యం వండిందో ఆ మాటే అన్నాడు. హన్మమ్మకు ఒళ్లు భగ్గుమంది. నోటిదాకా వచ్చిన తిట్టును మింగేసి, అలవాటు కొద్దీ ఇంకో గంటె వెయ్యబోయింది.

ఆయన చేయి అడ్డం పెట్టాడు. ఆమె మొహం చూశాడు. ఈసారి చేయి తీయలేదు.

హన్మమ్మ గంటె వెనక్కి తీసుకుంది.

"సరే, లే మరి. జర చేను దిక్కు నడిచి రా," అంది, గోడ అవతలికి వినిపించేంత గట్టిగా.