పన్నెండు సైకిళ్ల మంద

గొర్రె ధర చెప్పడంలో ఐలేశాన్ని మించినవాడు ఆ చుట్టుపక్కల నాలుగు ఊళ్లలో లేడు. వెన్ను మీద బొటనవేలు నొక్కి, పళ్లు చూసి, పొట్ట కిందకు చెయ్యి పోనిచ్చి ఇంత అన్నాడంటే అంతే, రూపాయి అటూ ఇటూ అయ్యేది కాదు. ఇద్దరు గొల్లల మధ్య బేరం తెగకపోతే అతన్ని పిలుచుకుపోయి చెట్టు నీడన కూర్చోబెట్టి, కల్లు పోయించి మరీ ధర చెప్పించుకునేవారు. అట్లాంటివాడికి ముసలితనం ముంచుకొచ్చే వేళ ఒక సైకిళ్ల దుకాణం ఖరీదు కట్టాల్సి వచ్చింది. దేవుడికి పనేమీ లేనప్పుడు ఇట్లాంటి వేళాకోళాలే చేస్తాడు.

కిందటేడు గుట్ట మీద మేకపిల్లను పట్టుకోబోయి జారిపడ్డాడు. నల్లగొండ దవాఖానలో కట్టు కట్టారు గానీ, కట్టు విప్పాక మోకాలు వంగడం మానేసింది. మంద వెంట నడవలేని గొల్లవాడికి ఊళ్లో ఏం పనుంటుంది? ఆరు నెలలుగా అతని భార్య సైదమ్మే కర్ర పట్టుకుని నలభై రెండు గొర్రెలను తోలుకుపోతోంది. సాయంత్రం వచ్చి, ఉస్సురంటూ గోడకు ఆనుకుని కూర్చుని, కాళ్లకు దిగిన ముళ్లు తీసుకుంటుంటే ఐలేశం తలెత్తి చూడలేకపోయేవాడు. ఆమె ఒక్క మాటా అనేది కాదు. అంటే కొంత నయంగా ఉండేది.

అందుకే నార్కట్‌పల్లిలో బాలయ్య తన కిరాయి సైకిళ్ల దుకాణం అమ్ముతున్నాడని తెలిసినప్పుడు ఐలేశానికి ప్రాణం లేచొచ్చింది. కూర్చుని చేసుకునే పని. హైదరాబాదు, బెజవాడ బస్సుల్లో వచ్చి రోడ్డు మీద దిగినవాళ్లకు లోపలి ఊళ్లకు పోవడానికి కాలినడక తప్ప మరోటి లేదు. బాలయ్య దగ్గర సైకిలు తీసుకుంటే గంటకు పన్నెండు నయాపైసలు, రోజంతా అయితే రూపాయి. మంద అమ్మేసి ఆ దుకాణం కొంటే సైదమ్మ ఇంటిపట్టున ఉంటుంది. మంద పోయాక మళ్లీ కూడబెట్టే వయసు ఇద్దరికీ లేదు కాబట్టి, కొనేదేదో చూసి కొనాలి. అంతే.

చూడడానికి అంగడి రోజున ఎడ్లబండి ఎక్కి పోయాడు. దుకాణంలో రెండంటే రెండు సైకిళ్లున్నాయి. అందులో ఒకదానికి చైను లేదు.

"పన్నెండు బండ్లుంటయని చెప్పిండ్రు గద బాలన్నా?"

"ఉన్నయి. బయటికి పోయినయి," అన్నాడు బాలయ్య, టైరుకు అతుకు వేస్తూ.

"ఎప్పుడొస్తయి?"

"వస్తయి తియ్యి. కొన్ని మాపటికి, కొన్ని రేపటికి. ఒకటి మునుగోడు దిక్కు పోయి మూడు రోజులాయె."

మూడు రోజులు ఇంటికి రాని జీవం మీద ఏ గొల్లవాడూ ఆశ పెట్టుకోడు. తోడేలు తినో, దొంగ కోసుకునో ఉంటుంది. ఈ బాలయ్య మాత్రం నవ్వుతూ చెబుతున్నాడు! ఇంతలో ఒకాయన సంచి పట్టుకుని వచ్చి సైకిలు అడిగాడు. లేదంటే విసుక్కుని, రోడ్డు పట్టుకుని నడిచిపోయాడు. వెనకే మరొకాయన, ఆ తర్వాత ఇంకో ఇద్దరు. దుకాణంలో సరుకే లేక వచ్చినవాళ్లంతా ఉత్తచేతులతో మళ్లిపోతున్నారు. పాపం, బాలయ్య చితికిపోయాడనుకున్నాడు ఐలేశం.

"ఎంతకిస్తవు మరి?"

"పదిహేను నూర్లు. పైస తగ్గ."

ఐలేశం నోరు తెరిచినవాడు మూయలేదు. రెండు సైకిళ్లు చూపించి పదిహేను వందలు అడుగుతున్నాడు! తన మందంతా తోలినా వెయ్యి దాటదు. బండెక్కి ఇంటికొచ్చాడు.

ఊళ్లో అడిగితే తలొక మాట చెప్పారు. కమ్మరి గురవయ్య లెక్క తేలిక. పాత సైకిలు డెబ్బై రూపాయల ఇనుము, పన్నెండు డెబ్బైలు వేసుకో, పంపుకూ పానాలకూ ఒక ముప్పై కలుపుకో, పైన ఇచ్చేదంతా దండగ అన్నాడు. బడిపంతులు అంజయ్య దానికి తల అడ్డంగా ఊపాడు.

"ఇనుము కొంటున్నవా ఐలేశం? నడిచే పని కొంటున్నవు. ఏడాదికి ఖర్చులు పోను ఎంత మిగులుతదో అడుగు. రెండేండ్ల మిగులు ఎంతైతే అంత ఇయ్యొచ్చు."

"వచ్చే ఏడు మిగిలేదానికి ఇప్పుడే పైసలియ్యాల్నా సారూ?"

"చూలు గొర్రెకు ఎక్కువియ్యవా?"

ఈ మాట ఐలేశానికి బాగా అర్థమైంది. చూలు గొర్రెకు ఎందుకివ్వడు, నాలుగు రూపాయలు ఎక్కువే ఇస్తాడు. కానీ రాత్రి పడుకున్నాక మళ్లీ అడ్డం తిరిగింది. సైకిలు ఈనదు. పన్నెండు సైకిళ్లు పదేళ్లు మేపినా పన్నెండే. పైగా అరుగుతాయి. మరి చూలు ఎక్కడ? పంతులు చెప్పింది తప్పా, తనకు తలకెక్కలేదా? పొద్దున లేచి గురవయ్య లెక్క వేసుకుంటే అది సరైనదనిపించేది. మధ్యాహ్నం పంతులు ఎదురుపడితే ఇది సరైనదనిపించేది. నిమ్మళంగా కూర్చుంటే రెండూ తప్పనిపించేవి. గొర్రెల దగ్గర ఇట్లాంటి తికమక అతనికి ఎన్నడూ లేదు.

"ఏందయ్యా, నీలో నువ్వే మాట్లాడుకుంటున్నవు?" అంది సైదమ్మ ఒక సాయంత్రం.

"బేరం తెగుతలేదే. తల తిరుగుతాంది."

"నీకు తెలిసినట్ల చూడు. పరాయోళ్ల లెక్కలు నీకెందుకు?"

పాపం, ఆమె మంచికే చెప్పింది. ఐలేశానికి తెలిసిన పద్ధతి ఒక్కటే, తాతల నాటిది. మేతకు పోయిన మందకు ధర కట్టకూడదు. అడవిలో పక్కవాడి గొర్రెలూ కలుస్తాయి, తప్పిపోయినవీ ఉంటాయి. మంద దొడ్డికి చేరాకే, కళ్లెదుట నిలబడ్డవాటికే ధర. బాలయ్య దుకాణంలోనూ సైకిళ్లన్నీ ఇంటికి చేరిన రోజు చూసి మాట్లాడాలి. ఇంత తేలికైన సంగతి ఇన్నాళ్లూ తట్టనందుకు తన నుదురు తానే కొట్టుకున్నాడు.

రెండు నెలలు గడిచాక బాలయ్యే కబురు పంపాడు. ఈసారి ఎడ్లబండి అక్కర్లేకపోయింది. పది రోజుల కిందటే లోపలి ఊళ్లకు కొత్తగా బస్సు వేశారు. కుంటికాలు చాపుకుని కూర్చుంటే అరగంటలో నార్కట్‌పల్లిలో దింపింది. ఎంత సుఖం! బస్సును కనిపెట్టినవాడి కడుపు చల్లగుండాలని దీవించి దిగాడు.

ఎండ నడినెత్తిన ఉంది. దుకాణంలో అడుగుపెట్టిన ఐలేశం అక్కడే నిలబడిపోయాడు. పన్నెండు సైకిళ్లు! గోడ పొడుగునా వరసగా, తుడిచి నూనె పెట్టి, తళతళలాడుతున్నాయి. మునుగోడు పోయింది కూడా తిరిగొచ్చింది. అతను ఒక్కోదాని సీటు మీద చెయ్యి వేస్తూ, దొడ్డి గవిని దగ్గర గొర్రెల్ని లెక్కపెట్టినట్టు అటు నుంచి ఒకసారి, ఇటు నుంచి ఒకసారి లెక్కపెట్టాడు. నిండు మందను చూసినంత కడుపు నిండింది.

"ఎట్లొచ్చినవు ఐలేశం?" అని అడిగాడు బాలయ్య.

"కొత్త బస్సుల వచ్చిన. మంచిగున్నది బాలన్నా."

బాలయ్య కాసేపు అతని ముఖం వంకే చూశాడు. తర్వాత చూపు తిప్పుకున్నాడు.

"తొమ్మిది నూర్లియ్యి. తీస్కో," అన్నాడు.

ఐలేశానికి మతి పోయింది. రెండు ఉన్నప్పుడు పదిహేను వందలు అన్నాడు, పన్నెండు నిండుగా ఉన్నప్పుడు తొమ్మిది వందలు అంటున్నాడు! ఈ మనిషికి లెక్కలు రావా? పిచ్చిగానీ పట్టిందా? గురవయ్య ఇనుము లెక్కకు కూడా దాదాపు సరిపోయింది. పంతులు అడగమన్న మిగులు సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. అడిగితే బాలయ్య తెలివి తెచ్చుకుని ధర పెంచుతాడేమోనని మింగేశాడు.

"ఇంకేమన్న అడుగుతవా?" అన్నాడు బాలయ్య.

"ఏమడగాలె? అన్నీ కండ్లముంగట్నే ఉన్నయి."

"మల్లోసారి చూస్కో. తర్వాత నన్ననొద్దు."

"చూసిన బాలన్నా. పన్నెండున్నయి."

బాలయ్య అడిగినదానికి జవాబు చెప్పేవాడే, అడగనిది చెప్పేంత మంచితనం మాత్రం అతని దగ్గర లేదు. ఇరవై రూపాయలు బయానా తీసుకుని, వంచిన తల ఎత్తకుండా చేతిలో చెయ్యి వేశాడు.

మూడో రోజున బేపారి వచ్చి మందను తోలుకుపోయాడు. ధర ఐలేశమే చెప్పాడు, ఒక్కో జీవానికి ఇరవై రెండు, బేపారి ఎదురు మాట్లాడలేదు. సైదమ్మ గవిని దగ్గర నిలబడి ఒక్కో గొర్రె తల నిమిరి పంపింది. చివరిదీ దాటిపోయాక కొంగుతో ముఖం కప్పుకుంది. ఇదంతా నీ కాళ్ల కోసమేనని చెబుదామనుకున్నాడు ఐలేశం, కానీ బేపారి ఇచ్చిన నోట్లు లెక్కపెట్టుకుంటూ ఉండిపోయాడు.

దుకాణం చేతికొచ్చాక రోజూ ఇంటికీ దుకాణానికీ ఎందుకు తిరగాలని అతను అక్కడే పడుకున్నాడు. మొదటి రోజు ఒకాయన వచ్చి తన సొంత సైకిలుకు గాలి కొట్టుకుని పోయాడు. రెండో రోజు ఎవరూ రాలేదు. మూడో రోజు ఇద్దరు వచ్చి బస్సు ఎన్ని గంటలకని అడిగారు. ఐలేశానికి లోపల ఏదో కలవరంగా ఉండేది, అదేమిటో తెలిసేది కాదు. పొద్దుగూకాక లేచి ఒక్కోదాని సీటు మీద చెయ్యి వేసి లెక్కపెట్టేవాడు. పన్నెండు. ఒక్కటీ తప్పిపోలేదు. దాంతో కొంత నిమ్మళించి నిద్రపోయేవాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం సైదమ్మ సద్ది మూట పట్టుకుని బస్సు దిగింది. దుకాణం చూడడం ఆమెకు అదే మొదలు. బస్సులోంచి ఇంకా పదిహేను మంది దిగారు. ఎక్కేవాళ్లు ఎక్కారు, నడిచేవాళ్లు నడిచారు. దుకాణం వైపు ఒక్కడూ తల తిప్పలేదు. ఆమె గడప దగ్గర నిలబడి సైకిళ్లను ఆ చివరి నుంచి ఈ చివరిదాకా చూసింది.

"పొద్దుగాల్నుంచి ఎన్ని పోయినయి?"

"ఒక్కటి గూడ పోలే. పన్నెండుకు పన్నెండున్నయి," అన్నాడు ఐలేశం.

"నిన్న?"

"నిన్న గూడ అన్నీ ఉన్నయి."

"నువ్వు బేరం చేసిననాడు?"

"ఆనాడు గూడ అన్నీ ఉన్నయనే గద కొన్న. గిట్లనే, నిండుగ."

"ఏ యాళ్లకు చూసినవయ్యా?"

"గిదే యాళ్ల. నడినెత్తి పొద్దుకు."

సైదమ్మ మూట కింద పెట్టింది. ఆమె గొంతులో కోపం లేదు, అదే అతన్ని భయపెట్టింది.

"నడినెత్తి పొద్దుకు మందంత మేతకు పోకుంట దొడ్లనే ఉంటే, దాన్ని చూసి నువ్వేమంటవు?"

ఐలేశం జవాబు చెప్పబోయి ఆగాడు. ముప్పై ఏళ్లుగా పరాయి దొడ్ల ముందు నిలబడి, ఎంత చవకగా ఇస్తామన్నా వద్దని తాను చెప్పిన మాటే అది. ఆలోచించాల్సిన పనే లేదు.

"రోగం తగిలిందనే అంట," అన్నాడు.

తన నోటి నుంచే ఆ మాట వచ్చాక అతనికి ఏడుపు ఆగలేదు. ఇన్నేళ్లలో ఒక్క బేపారి కూడా అతనికి రోగపు మందను అంటగట్టలేకపోయాడు. తానే బస్సెక్కి వెతుక్కుంటూ వచ్చి, మేతకు పోయే నలభై రెండు జీవాలనిచ్చి దీన్ని కొనుక్కున్నాడు.