మెల్లగా దిగే మూత

అట్టక్క ఊపిరి బిగబట్టి, కత్తి మొనను గీత మీద కాకుండా గీతకు వెంట్రుకవాసి పక్కగా ఆనించింది. గీత మీద కోస్తే గీత పోతుంది, గీతతో కొలత పోతుంది, కొలతతో పరువు పోతుందని అక్క చిన్నప్పుడే నెత్తిన మొట్టి మరీ నేర్పింది. ఇనుప బద్ద వెంట కత్తి సాగింది. తెల్లటి అట్టముక్క చప్పుడు లేకుండా విడిపోయింది. చిటికెనవేలి గోరంత ఉన్న ఆ ముక్కను పట్టకారుతో ఎత్తి, బొమ్మ భవనం గుమ్మం ముందు మెట్టుగా అతికించి, జిగురు ఆరేదాకా వేలితో అదిమి పట్టుకుంది. నిన్న ఎవరిదో చొక్కా చెయ్యి తగిలి ఊడిన మెట్టు అది.

హాలు తలుపులు ఇంకా తెరవలేదు. ఒకప్పుడు అది గిడ్డంగి. ఇప్పుడు ఎత్తైన కిటికీల్లోంచి ఎండ పడుతుంటే, గుడ్డలు కప్పిన బల్లలు, దీపాలు, కుర్చీలు ఇంకా నిద్రలేవనట్టు ఉన్నాయి. నగరంలో డిజైన్ వారం నడుస్తోంది. ఏ వీధికి వెళ్లినా ఏదో ఒక వర్క్‌షాపు తలుపులు తెరిచి, రండి చూడండి అంటోంది. ఇవాళ ఆఖరి రోజు.

ఆమె అసలు పేరు మెడలో వేలాడే బిళ్ల మీద ఉంది. కాని భవనాల ప్లాన్లు గీసే ఆఫీసులో చేరిన కొన్నాళ్లకే అందరూ అట్టక్క అనడం మొదలుపెట్టారు, ఆమె పలకడం మొదలుపెట్టింది. కట్టబోయే భవనం ఎలా ఉంటుందో ముందుగా అట్టతో చేసి చూపించడం ఆమె పని. యాభై దాటాక దొరికిన కొత్త ఉద్యోగం. అంతకు ముందు బతుకంతా అక్కతో కలిసి పెట్టెలు చేసింది. చెప్పుల పెట్టెలు, టోపీల పెట్టెలు, గాజు గ్లాసుల పెట్టెలు. ఒకే బల్లకు ఇటు తను, అటు అక్క. తను కోసేది, అక్క మడిచేది. అక్కకు పెళ్లయింది, కూతురు పుట్టింది, భర్త పోయాడు. ఇవన్నీ జరుగుతున్నా బల్ల మాత్రం కదల్లేదు. అట్టక్కకు పెళ్లి కాలేదు. కుదరలేదనడం కంటే తీరిక దొరకలేదనడం నిజం. చివరికి దుకాణాల్లో సంచులు వచ్చి పెట్టెల నోట మట్టి కొట్టాయి, బల్ల అమ్ముడైపోయింది.

ఈ ఉద్యోగం సంగతి విన్నప్పుడు అక్క మెచ్చుకోలేదు, తిట్టనూ లేదు. తిట్టినా బాగుండేది. ఇప్పుడు కూతురి ఊరికి వెళ్లిపోతోంది, ఇక అక్కడే ఉండటానికి. చేతివేళ్లు వణుకుతున్నాయని, ఒంటరిగా పొయ్యి దగ్గర నిలబడనివ్వనని కూతురు గట్టిగా పట్టుబట్టింది. సాయంత్రం బస్సు.

పొద్దున అక్క మంచం మీద సంచి పెట్టుకుని సర్దుకుంటుంటే అట్టక్క గుమ్మంలో నిలబడి మళ్లీ అడిగింది.

"బస్టాండుకు వెళ్లే దారిలోనేగా అక్కా. ఒక్కసారి వచ్చి చూసి వెళ్లు."

"జనం వాడి పారేసే పెట్టెలు చేశాం ఇన్నాళ్లూ. ఇప్పుడు నువ్వు చూసి పారేసే పెట్టెలు చేస్తున్నావు. అందులో చూడ్డానికేముందే?"

"పెట్టె కాదక్కా. జనం కూర్చుని చదువుకునే గది. దాని మోడల్."

"లోపల ఏం పెట్టి ఇస్తారు?"

"ఏమీ పెట్టరు."

"మరింకేం," అంది అక్క, పందెం గెలిచినట్టు. తర్వాత మెడలో బిళ్ల వంక చూసి, "అదేమిటే, గేదెకు గంట కట్టినట్టు? ఇంట్లో కూడా తియ్యవా?" అంది.

అట్టక్క బిళ్లను జాకెట్టు లోపలికి తోసుకుంది. తియ్యలేదు.

అక్క బట్టల మధ్య నుంచి మడతపుల్ల బయటికి తీసింది. అరచేతికంటే కాస్త పొడుగున్న ఎముక పుల్ల. అట్టను మడిచి దానితో రుద్దితేనే అంచు తీరుగా నిలబడుతుంది. ఒకప్పుడు తెల్లగా ఉండేది, ఇప్పుడు తేనె రంగుకు తిరిగింది. ఆఫీసులో ఇచ్చిన ప్లాస్టిక్ పుల్ల అట్ట మీద మెరుపు చారలు పెడుతుంది. ఆ మాట అక్కకు రెండు మూడుసార్లు చెప్పి చూసింది. ఇక దాచుకోకుండా అడిగేసింది.

"అది నాకిచ్చి వెళ్లకూడదూ? అక్కడ దాంతో నీకేం పని?"

"ఉండనీ. చేతిలో ఏదో ఒకటి లేకపోతే నాకు తోచదు," అని అక్క దాన్ని సంచి పక్క అరలోకి జారవిడిచింది. "నువ్వెళ్లు. నీ కొత్త కొలువుకు వేళవుతోంది."

వస్తానని అనలేదు. రానని కూడా అనలేదు. అక్క వెళ్లిపోవడం కంటే చూడకుండా వెళ్లిపోవడమే అట్టక్క గుండెలో ముల్లులా ఉంది. ఊరంతా మెచ్చుకున్నా సరే, ఆ ఒక్క మనిషి 'ఊఁ' అనకపోతే చేసిన పని పూర్తయినట్టు ఉండదు ఆమెకు.

తలుపులు తెరిచారు. జనం వచ్చారు. అట్టక్క తన బల్ల పక్కన నిలబడి, వచ్చిన ప్రతివాళ్లకూ "పైకప్పు ఎత్తి చూడండి, ఫరవాలేదు" అని చెప్పడం మొదలుపెట్టింది.

నిజానికి ఆ కప్పు ఎత్తడానికి చేసింది కాదు. మొదటిరోజే గుట్టు రట్టయింది. కప్పును గోడలకు అతికించాలన్న సంగతి అట్టక్కకు తట్టనే లేదు. చెప్పాలని ఎవరికీ తోచనూ లేదు. ఆమె చేతులు వాటి అలవాటు కొద్దీ కప్పును మూతలా చేశాయి, చుట్టూ దారమంత వదులిచ్చి పైన పెట్టి ఊరుకున్నాయి. ఒక పెద్దాయన వంగి కిటికీలోంచి చూడబోతూ ఆసరాకు పట్టుకునేసరికి, కప్పు కప్పంతా ఆయన చేతికి వచ్చింది. పాపం, ఆయన ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

"అయ్యయ్యో, విరగ్గొట్టేశానా?"

మేడమ్ పరుగున వచ్చింది. మేడమ్ అంటే ఆఫీసు పెద్ద, అట్టక్క కంటే చాలా చిన్నది. కళ్లజోడు నెత్తిమీద పెట్టుకుని దానికోసం ఆఫీసంతా వెతికే మనిషి. "ఇది బిల్డింగ్ అక్కా, చెప్పుల డబ్బా కాదు," అంది. నవ్వుతూనే అంది గాని, అట్టక్కకు చురుక్కుమంది. తల వంచుకుని జిగురు సీసా తేవడానికి వెళ్లింది.

ఆమె తిరిగొచ్చేసరికి పెద్దాయన కప్పును మళ్లీ గోడల మీద ఉంచి చెయ్యి తీసేశాడు. కప్పు దభీమని పడలేదు. లోపలి గాలి తప్పుకుంటుంటే, తన బరువుకు తానే మెల్లగా, నింపాదిగా దిగింది. చివర్లో చిన్న నిట్టూర్పు. ఆయన పసివాడిలా నవ్వి మళ్లీ ఎత్తాడు, మళ్లీ వదిలాడు. వెనకాల ఒకావిడ నాకూ ఒకసారి అన్నట్టు నిలబడింది. మేడమ్ కళ్లజోడు కిందికి దించుకుని అదంతా చూసి, "సరే, ఇలాగే ఉంచేద్దాం. లోపల మాత్రం బోసిగా ఉంది, ఏదైనా పెట్టండి" అంది. మర్నాడు అట్టక్క కిటికీ పక్కన పొడుగాటి బల్ల ఒకటి, దానికి అటూ ఇటూ రెండు స్టూళ్లు చేసి పెట్టింది. ఎందుకని ఎవరూ అడగలేదు.

మూత అలా దిగడమే మంచి పెట్టెకు పరీక్ష. కొత్త కొలతతో మొదటి పెట్టె తయారయ్యాక అక్క పని ఆపించి, మూత పెట్టి, చెయ్యి తీసి, తల పక్కకు వంచి వినేది. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా ఆ కాసేపూ ఎవరూ కదలకూడదు. టక్కున పడితే వదులు. ఇరుక్కుంటే బిర్రు. రెండింట్లో ఏదైనా సరే, ఆ పెట్టెను మాట్లాడకుండా చించి పక్కన పడేసేది. సరిగ్గా దిగితే 'ఊఁ' అనేది. అంతే. ఆ 'ఊఁ' కోసం అట్టక్క ఎన్ని పెట్టెలు కోసిందో!

మధ్యాహ్నం తిండివేళ ఆమె ఎదురుగా ఉన్న కుర్చీల ప్రదర్శనకు వెళ్లింది. ఈ వారమంతా ఖాళీ దొరికితే చాలు, కాలు ఒకచోట నిలవలేదు. ఒకచోట అచ్చు వేయడం చూపిస్తామంటే వెళ్లి వేళ్లన్నీ నీలం చేసుకుని వచ్చింది. ఒకచోట కాగితపు దీపాల కింద ఎందుకొచ్చిందో మరిచిపోయి నిలబడిపోయింది. ఇంకొకచోట ఒకాయన ఖాళీస్థలం గొప్పతనం గురించి గంటసేపు మాట్లాడాడు. మేము బతుకంతా అమ్ముకున్నది ఖాళీయే కదా నాయనా అనుకుని ఆమె లోలోపల నవ్వుకుంది, అయినా చివరిదాకా కూర్చుంది, అందరితోపాటు చప్పట్లు కొట్టింది. ఆయన చెప్పింది ఆమెకు నచ్చింది కూడా. ఇవాళ కుర్చీల దగ్గర 'కూర్చోవచ్చు' అని రాసి ఉన్నవాటిలో ఒక్కటీ వదలకుండా కూర్చుంది. వంగిన చెక్క కుర్చీ ఒకటి ఆమె నడుమును కొలత తీసుకుని చేసినట్టు పట్టుకుంది. కూర్చుని కళ్లు మూసుకుంటే ఆదివారాలు గుర్తొచ్చాయి.

ఆదివారం సాయంత్రాలు అక్క ఆమెను పెద్ద దుకాణాల వీధికి తీసుకుపోయేది. కొనడానికి కాదు. అద్దాల వెనక మెరిసే చెప్పుల జతల కింద, టోపీల పక్కన, తాము చేసిన పెట్టెలు చూసుకోవడానికి. జనం చెప్పులు చూసేవాళ్లు. అక్కాచెల్లెళ్లు పెట్టెలు చూసేవాళ్లు. "అదిగో, ఆ ఆకుపచ్చది మనదే. మూల చూడు, ఎలా వచ్చిందో," అని అక్క అద్దానికి ముక్కు ఆనించేది. లోపలి దుకాణదారు అద్దం మాసిపోతుందని చెయ్యి ఊపి కసిరేవాడు. ఇద్దరూ పకపకా నవ్వుతూ పక్క దుకాణానికి పోయేవాళ్లు. అప్పుడు అక్క చెయ్యి తన భుజం మీద ఉండేది. ఆ చెయ్యి బరువు ఎంత బాగుండేదో ఇప్పటికీ భుజానికి తెలుసు.

ఎండ కిటికీ దిగి నేల మీదికి వచ్చింది. అట్టక్క గుమ్మం వైపు చూడ్డం, చూడనట్టు తల తిప్పుకోవడం, మళ్లీ చూడ్డం. ఇక రాదులే అని మనసుకు నచ్చజెప్పుకుంటుంటే, జనం మధ్య భుజానికి సంచి తగిలించుకుని, ఎవరినీ తగలకుండా పక్కకు ఒదిగి నడుస్తూ అక్క కనిపించింది.

అక్క నేరుగా బల్ల దగ్గరికి వెళ్లి, దాని చుట్టూ ఒకసారి తిరిగింది. ఒక మూల మీద వేలు పెట్టి కిందిదాకా రాసింది.

"మడత మీద మెరుపు చారలున్నాయి."

"చెప్పాగా, ఆ పుల్ల మంచిది కాదు."

అక్క కప్పును రెండు చేతులతో ఎత్తింది. చేతులు వణికాయి. కప్పు గోడల మీదికి చేరాక వణుకు ఆగింది. చెయ్యి తీసేసి, తల పక్కకు వంచింది. హాల్లో అంత సందడిలోనూ అట్టక్కకు ఆ నిట్టూర్పు వినిపించింది.

"వదులెంత ఇచ్చావు?"

"దారమంత."

"ఊఁ," అంది అక్క.

అట్టక్కకు కళ్లు చెమర్చాయి. దాచుకోవడానికి బల్ల మీద లేని దుమ్ము తుడిచింది. అక్క మళ్లీ కప్పు ఎత్తి ఈసారి లోపలికి చూసింది. చాలాసేపు చూసింది. స్టూళ్లలో కిటికీ వైపున్నది రెండోదానికంటే పొట్టిది. మడత అంచు కంటికి సూటిగా కనబడాలని అక్క అప్పట్లో తన స్టూలు కాళ్లు కోయించుకుంది, అలా.

"పొట్టిది నాదేగా?"

"నీదే."

"నేను కిటికీ పక్కన ఎప్పుడు కూర్చున్నానే? కోసేవాళ్లకు వెలుతురు కావాలని అటువైపు నిన్ను కూర్చోబెట్టాగా. నీకు గుర్తులేదూ?"

"గుర్తుంది. ఎప్పుడూ కూర్చోలేదనే పెట్టా."

అక్క కొంగుతో ముక్కు తుడుచుకుని, "బస్సుకు వేళైంది," అంది.

"నేనూ వస్తా. మేడమ్‌కు ఒక్క మాట చెప్పి వచ్చేస్తా, ఉండు."

మేడమ్ కళ్లజోడు వెతుక్కుంటూ హాలు ఆ చివర ఉంది. ఆమె నెత్తిమీదున్నది చూపించి, సెలవడిగి తిరిగి వచ్చేసరికి అక్క బల్ల దగ్గరే ఉంది. కప్పు మూసి ఉంది. దాని మీద అరచెయ్యి ఆనించి నిలబడి ఉంది, నిద్రపోయిన పిల్ల నుదుటి మీద పెట్టినట్టు.

వీధి మలుపులోనే సిటీ బస్సు దొరికింది. బస్టాండుదాకా వస్తానంటే అక్క ఒప్పుకోలేదు. "పని వేళలో ఊరేగింపులేమిటే? కొత్త కొలువు, ఒళ్లు దగ్గర పెట్టుకుని చేసుకో," అంది. మెట్టెక్కుతూ వెనక్కి తిరిగి, చెల్లెలి మెడలో బిళ్ల అడ్డం తిరిగి ఉంటే పేరు కనబడేలా తిప్పి సరిచేసింది. బస్సు కదిలింది. కిటికీ పక్కన చోటు దొరికింది అక్కకు. వెనక్కి చూస్తుందేమోనని అట్టక్క బస్సు మలుపు తిరిగేదాకా నిలబడింది.

హాలు ఖాళీ అవుతోంది. గుడ్డలు, తాళ్లు, పెట్టెలు వచ్చాయి. ఎవరో దీపాలు ఒక్కొక్కటే ఆర్పుతున్నారు. అట్టక్క మెత్తటి గుడ్డ పరిచి, నమూనాను విప్పి సర్దడానికి కప్పు ఎత్తింది.

లోపల, గది పొడుగు చాలక ఏటవాలుగా, ఒక కొస కిటికీ పక్కన పొట్టి స్టూలుకు ఆనుకుని, అక్క బొటనవేలు ఇన్నేళ్లూ పట్టుకున్న చోట చిన్న గుంట పడి, తేనె రంగు మడతపుల్ల ఉంది.