ట్వైలా పుస్తకంలోని కొలత

మా ఆయన డెల్బర్ట్ చెల్లెలు ట్వైలా మూడేళ్ళ కిందటి దాకా తుపాకీ ముట్టి ఎరగదు. ఇప్పుడు మా క్లబ్బు జట్టులో నాలుగో చోటుకి నాతోనే పోటీ. తొమ్మిదేళ్ళుగా ఆ చోటు నాది. ఆడబిడ్డ అర్ధమొగుడు అన్నారు. మొగుడైతే నయం, అలిగి సాధించుకోవచ్చు. అది నా చోటు తన్నుకుపోతుందంటే నాకు తిండి సహించలేదు. దాచడమెందుకు, అసూయే.

శనివారం ఆరువందల గజాల పోటీలో సంగతి తేలిపోతుంది. అంతకుముందు ఆదివారం వాళ్ళింటికి భోజనానికి వెళ్ళాం. రూబార్బ్ పై అనే తీపి రొట్టె కోస్తూ ట్వైలా అంది, "ఈమధ్య నా గుండ్లన్నీ ఒకే బొక్కలో దూరుతున్నాయి వదినా, ఏంటో మరి."

"మిగిలిన టార్గెట్ కాగితం పొయ్యి రాజెయ్యడానికి పనికొస్తుందిలే," అన్నాను.

అందరూ నవ్వారు. చేతులు కడుక్కునే వంకతో లేచి, గరాజులో అది తూటాలు చేసుకునే బల్ల దగ్గరికి వెళ్ళాను. కొలతలు రాసుకునే పుస్తకం తెరిచే ఉంది. తూటా పొడవు 2.213 అంగుళాలు. నాది 2.190. మా ఇద్దరి తుపాకులకీ గొట్టాలు బిగించింది ఒకే మిస్త్రీ, ఒకే వారంలో. ఇంకేం, గుట్టు దొరికిందనుకున్నాను.

తూటాని అడుగు నుంచి గుండు మొన దాకా కొలవకూడదు. మొనలు ఏ రెండూ ఒకలా ఉండవు. కాలిపర్స్‌కి బొక్క ఉన్న చిన్న ఉక్కు బిళ్ళ బిగించి, ఆ బొక్క గుండు భుజం మీద, అంటే మొన కింద లావెక్కేచోట, ఎక్కడ ఆనుతుందో అక్కడిదాకా కొలవాలి. గొట్టం లోపలి గాట్లకి తగిలేది ఆ భుజమే; గాట్లకి అదెంత దగ్గరో దాన్నిబట్టే గురి. క్లబ్బులో కొత్తవాళ్ళకి ఇదంతా నేర్పేది నేనే. ఇంటికొచ్చి నా కాలిపర్స్‌తో, నా బిళ్ళతో, యాభై తూటాలు 2.213కి కూర్చాను. ఒక్కోటీ మూడుసార్లు కొలిచాను. వెంట్రుకవాసి తేడా లేదు.

శనివారం తూటా లోపల పెట్టి తుపాకీ బోల్టు మూసేటప్పుడు కాస్త బిగువుగా తగిలింది. మొదటి పన్నెండూ నడిమి పది మార్కుల చుట్టులోనే పడుతుంటే ఎవరు పట్టించుకుంటారు? పదమూడోది లోపల పెట్టానో లేదో, జింకల గుంపొకటి తాపీగా టార్గెట్ల ముందుకొచ్చింది. మా తూర్పు మోంటానాలో అది మామూలే.

"కాల్చకండి. బోల్టులు తెరిచి తూటాలు తీసెయ్యండి," అన్నాడు పోటీ నడిపే ఆర్లో.

బోల్టు లాగాను. ఇత్తడి తొడుగు వచ్చింది, గుండు రాలేదు. అది గాట్లలో ఇరుక్కుపోయింది. మందంతా తుపాకీ కడుపులో ఒలికి ట్రిగ్గర్లోకి జారింది. ఇక ఆ రోజుకి అది కాలదు.

పక్క చాప మీద పడుకుని కాలుస్తున్న ట్వైలా లేచి, గొట్టం తుడిచే తన కడ్డీ తెచ్చింది. గొట్టం ముందు నుంచి పొడిచి గుండుని బయటికి తోసింది. తర్వాత నా పెట్టెలోంచి ఒక తూటా తీసి తన కాలిపర్స్‌లో పెట్టి చూసింది.

"నా పుస్తకం చూశావు కదూ," అంది మెల్లగా. "నీ బిళ్ళ బొక్క నాదానికన్నా పెద్దది వదినా. భుజం మీద ఇంకా కిందికి దిగుతుంది. నీ బిళ్ళతో నా అంకె రావాలంటే తూటా పొడుగైపోదూ? ఒకరి అంకె ఇంకొకరికి పనికిరాదని మాకు చెప్పేది నువ్వేగా."

నేను తూటాల పెట్టె మూత వేసేశాను.

"మొదటి ఏడాది నేనడిగితే మొన దాకా కొలవమన్నావు. ఆ సీజనంతా నా గుండ్లు చెల్లాచెదురుగా పోయాయి. కావాలనే చెప్పావని తర్వాత తెలిసింది. అన్నయ్యక్కూడా చెప్పలేదు నేను."

తిట్టి ఉంటే ఎంత తేలిగ్గా ఉండేదో. ఈలోగా ఆర్లో వచ్చి ఏమైందని అడిగాడు.

"డబ్బాలో ఒక గుండు సైజు తేడా వచ్చింది, ఆర్లో," అంది ట్వైలా. "ఎవరికైనా జరిగేదే. వదిన చేత వచ్చేవారం మళ్ళీ కాల్పించు."

చోటు పోతే పోయింది. నలుగురిలో మంచిదనే పేరు కూడా దానికే దక్కబోతోంది. అది మాత్రం నేను ఓర్చుకోలేకపోయాను.

"గుండు తప్పేం లేదు," అన్నాను, వరసలో అందరికీ వినబడేలా. "దాని పుస్తకంలో కొలత దొంగిలించి చేసుకొచ్చాను."

ఆర్లో టోపీ సర్దుకుని నేలచూపులు చూశాడు. నలుగురిలో తన అబద్ధం బయటపడేసరికి ట్వైలా ముఖం జేవురించింది.

"ఒక్కసారి నోరు మూసుకుని ఉండలేవా నువ్వు?" అంది.

దానికి నా మీద కోపం రావడం అదే మొదటిసారి. మూడేళ్ళ నా కడుపుమంట అప్పుడు చల్లారింది.