పెట్టే చెయ్యి ఊరుకోదు

ఖాళీ నోరు కనబడితే అమాచీ చెయ్యి ఊరుకోదు. పొయ్యిలో మంట కాస్త తగ్గిందంటే ఒక కట్టె పడాల్సిందే. పిల్లికి పాలు, కుక్కకి బొమికలు, గడప తొక్కిన ప్రతి మనిషికీ రొట్టె, చీజు. గోడ గడియారానికి తాళం తిప్పేటప్పుడు కూడా "తిను, తిను" అంటుందని మనవరాలు మైలిస్ వేళాకోళం చేస్తుంది. అమాచీ అసలు పేరు గ్రాసియానా. బాస్క్ వాళ్ళ మాటలో అమాచీ అంటే అవ్వ. మైలిస్ మాటలు నేర్చిన నాటి నుంచీ, బిగ్‌హార్న్ కొండల కింద ఆ చుట్టుపక్కల గొర్రెలున్న ప్రతివాడికీ ఆమె అమాచీయే.

ఆ గురువారం పొద్దున్నే మైలిస్ బూట్లకున్న బురదతోనే వంటింట్లోకి వచ్చింది. గొర్రెలు ఈనే రోజులు. నిద్ర లేక కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"అమాచీ, దాన్ని ఇటివ్వు."

"దేన్ని?"

"ఏమీ ఎరగనట్టు! పొయ్యి పక్కన అట్టపెట్టెలో దాన్ని. పేరు కూడా పెట్టేశావటగా."

"ఎవరు చెప్పారు? నేనేం పేరూ పెట్టలేదు."

అట్టపెట్టెలోంచి "మే" అని వినబడింది.

"వస్తున్నా పొలీటా," అంది అమాచీ. అని, నాలుక కరుచుకుంది.

మైలిస్ పగలబడి నవ్వింది. పొలీటా అంటే అందగత్తె. మంచులో కన్న తల్లి అక్కడికక్కడే పోతే, బొడ్డుతడి ఆరని పిల్లని ఎవరిస్తో అనే కాపరి తన కోటులో చుట్టి తెచ్చాడు. అప్పటినుంచీ అది ఈ వంటింట్లో పాలసీసా మీద పెరుగుతోంది.

"రాత్రి ఒక గొర్రెకి చచ్చిన పిల్ల పుట్టింది," అంది మైలిస్, కుర్చీ లాక్కుని. "ఎవరిస్తో ఆ పిల్ల తోలు ఒలిచి చొక్కాలా కుట్టి ఉంచాడు. దీనికి తొడిగి ఆ తల్లి దగ్గర వదిలితే, వాసన చూసి తన బిడ్డే అనుకుంటుంది. రెండు రోజులు దాని పాలు తాగిందంటే ఇక తోలు తీసేసినా ఫరవాలేదు."

"అనుకోకపోతే?"

"శనివారం టోలివర్ లారీ వస్తోంది, తల్లుల్లేని పిల్లల్ని పట్టుకుపోవడానికి. దాంట్లో ఎక్కుతుంది. సీసా పిల్లల్ని ఉంచుకోనని నీకు తెలుసుగా. మనుషుల వెనకాల తిరిగి తిరిగి మంద అంటే ఏంటో తెలీకుండా పెరుగుతాయి. ఎండాకాలం కొండెక్కాక దారి తప్పి నక్కల నోట్లో పడతాయి."

అమాచీ పిల్లని ఎత్తి మనవరాలి చేతుల్లో పెట్టింది. పెట్టి, మళ్ళీ తీసుకుంది. మూతి తుడిచి మళ్ళీ పెట్టింది.

"ఇక సీసా ముట్టుకోకూడదు అమాచీ."

"ఎందుకు ముట్టుకుంటానే?"

ముట్టుకోకూడదనే అనుకుంది పాపం. కానీ గొర్రెల కొట్టం వంటింటి కిటికీకి ఎదురుగానే ఉంది. పొద్దెక్కేసరికి పొలీటా అరుపు మొదలైంది. కొట్టంలో ఎన్ని గొర్రెలు అరిచినా, ఎన్ని పిల్లలు అరిచినా, ఆ ఒక్క గొంతూ అమాచీ చెవిలో సూదిలా దిగేది. "చలికి వణుకుతోందేమో. ఆ తల్లి దగ్గరికి రానివ్వడం లేదేమో. ఆకలితో కళ్ళు తేలేసి, ఇంకాసేపట్లో అరవడానికి కూడా ఓపిక లేక..."

ఇలాంటి ఆలోచనలు ఆమెకి కొత్త కాదు. ఎవరు ఇల్లు కదిలినా వాళ్ళు దారిలో పస్తుంటారని ఆమె భయం. ఎప్పుడో పెళ్ళయిన కొత్తలో ఓడెక్కి ఈ దేశం రావడానికి పుట్టినూరు వదిలినప్పుడు, రైలు కదిలేముందు వాళ్ళమ్మ ఆమె ఒళ్ళో రొట్టె పెట్టింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేక ఆ రొట్టెనే చూస్తూ కూర్చున్నారు. ఆ తర్వాత అమ్మని చూడలేదు. అప్పటినుంచీ సాగనంపడమన్నా తిండి పెట్టడమన్నా ఆమెకి ఒకటే పని. మొగుడు ఆఖరిసారి ఆసుపత్రికి వెళ్తుంటే, వద్దంటున్నా వినకుండా అతని కోటు జేబులో ఉడికించిన గుడ్లు కుక్కింది.

మైలిస్, ఎవరిస్తో భోజనాలకి కూర్చున్న వేళ చూసి, "చెత్త పారబోసి వస్తా" అని అమాచీ బయటపడింది. కోటు లోపల వెచ్చటి పాలసీసా ఉంది. కొట్టంలో చిన్న అరలో, వంటి మీద వేరే పిల్ల తోలుతో, చలికాలం పెద్దక్క చొక్కా తొడుక్కున్న చిట్టిచెల్లెల్లా ఉంది పొలీటా. అడుగుల చప్పుడు వినగానే పరిగెత్తుకుంటూ వచ్చి, చెక్కల సందులోంచి మూతి చాపింది. అవతల గడ్డి నములుతున్న గొర్రె తల తిప్పి చూసింది.

"ఈ ఒక్కసారికే," అంది అమాచీ ఆ గొర్రెతో. "తర్వాత నువ్వే ఇద్దువుగాని."

సాయంత్రం ఇంకో ఒక్కసారి అయింది. శుక్రవారం ఎన్ని ఒక్కసారులు అయ్యాయో ఆమె లెక్కపెట్టుకోలేదు. శనివారం తెల్లవారుతుండగా కూడా వెళ్ళి సీసా ఖాళీ చేయించి వచ్చింది. చెత్త పారబోయడానికి ఇంట్లో చెత్తే మిగల్లేదు.

వంట సామాను సర్దుకుంటుంటే కొట్టంలోంచి మైలిస్ కేక వినిపించింది. అమాచీ కోటు తగిలించుకుని పరుగులాంటి నడకతో వెళ్ళింది.

ఎవరిస్తో గొర్రె పక్కన మోకాళ్ళ మీద కూర్చుని పొదుగు పిండి చూస్తున్నాడు. పాలు ధారగా వచ్చి అతని బూటు మీద పడ్డాయి.

"పాలకేం లోటు లేదు," అన్నాడు. "పొదుగు రాయిలా గట్టిపడింది. నొప్పికే ఇది పిల్లని కుమ్ముతోంది."

"మరి పిల్ల?" అంది మైలిస్. "మొదటి రోజు గొర్రె దీన్ని వాసన చూసి నాకింది కూడా. కానీ ఈ మహాతల్లి పొదుగు కేసి కన్నెత్తి చూడదు. చూడు, పొట్ట డోలులా ఉంది! తాగదు, చిక్కదు. గాలి తిని బతుకుతోందా?"

"మా పెరూలో అలా బతికేవాళ్ళని మహాత్ములంటారు," అన్నాడు ఎవరిస్తో. "చర్చిలో బొమ్మ పెట్టి కొవ్వొత్తి వెలిగిస్తారు. మీరేమంటారు దోన్యా?" అమ్మగారూ అనడానికి అతని మాట అది.

అమాచీ కోటు దగ్గరికి లాక్కుంది. ఆమె గొంతు విననైనా వినకుండానే పొలీటా వచ్చేసింది. చెక్కల సందులోంచి తల దూర్చి, ఆమె కోటు జేబు పట్టుకుని చప్పరించడం మొదలుపెట్టింది. జేబులోంచి సీసా రబ్బరు పీక తొంగి చూసింది.

"మహాత్మురాలు ఎవరో తెలిసిపోయింది," అన్నాడు ఎవరిస్తో.

"అమాచీ!"

"ఏడుస్తుంటే వినలేకపోయానే..."

"ఏడవనీ! అడగందే అమ్మయినా పెట్టదంటారు. నువ్వు దాన్ని అడగనిచ్చావా? దానికేం, కడుపు నిండిన బేరం! నువ్వు పోసిన ప్రతి సీసా దాన్ని లారీ దగ్గరికి ఒక్కో అడుగు తోసింది, తెలుసా?"

అమాచీ చెక్కల మీద చెయ్యి ఆన్చింది. పట్టుకుని ఉంచుకుందామనుకున్నదాన్ని తనే వెళ్ళగొడుతోందన్నమాట.

"ఇంకో రోజు ఉంచి చూడకూడదా?"

"ఎక్కడుంచను? కవలలని ఈనిన గొర్రెలు అరల కోసం బయట వరసలో ఉన్నాయి. టోలివర్ మళ్ళీ ఈ దారిన రాడు."

"ఇప్పుడేగా తాగింది," అంది అమాచీ మెల్లగా. "మళ్ళీ ఆకలి ఎప్పుడవుతుంది?"

"మధ్యాహ్నానికి కావచ్చు. ఎందుకు?"

రోడ్డు మలుపులో లారీ హారన్ మోగింది.

"మధ్యాహ్నం దాకా ఆయన ఆగడు అమాచీ. మొదటి మజిలీ మనదే. ఇంకా చాలా దొడ్లు తిరగాలి."

"ఆగుతాడు," అంది అమాచీ. సీసా తీసి ఎవరిస్తో చేతిలో పెట్టి, గిరుక్కున ఇంటివైపు తిరిగింది.

టోలివర్ తలుపంత మనిషి. గుమ్మంలో టోపీ తీసి, "నిలబడే ఒక గుక్క కాఫీ తాగి పోతానమ్మగారూ," అన్నాడు. నిలబడి తాగితే అరగదని అమాచీ కూర్చోబెట్టింది. ఉత్త కాఫీ కడుపుకి మంచిది కాదని రొట్టె కోసింది. రొట్టె ఉత్తగా ఎలా తింటావని, గుడ్లు కొట్టి మిరపకాయలతో అట్టు వేసింది.

అప్పుడు కొట్టంలోంచి మొదటి అరుపు వినిపించింది. సన్నగా, విసుగ్గా.

అమాచీ చెయ్యి దానంతటదే లేచింది. లేచిన చేతిలో గరిటె ఉంది. బీన్స్ కూర టోలివర్ పళ్ళెంలో పడింది.

"చాలమ్మగారూ."

"మే" అంది పొలీటా. ఇంకో గరిటె పడింది.

అక్కణ్ణించి అదే వరస. అటు అరుపు, ఇటు గరిటె. పిల్ల గొంతు పెరిగే కొద్దీ పళ్ళెంలో వంటకాలు పెరిగాయి. వెల్లుల్లి చారు వచ్చింది, నిన్నటి బంగాళాదుంపలు వేడెక్కి వచ్చాయి, చీజు ముక్కలు వచ్చాయి. ఒక అరుపు మరీ దీనంగా వినబడేసరికి అమాచీ కళ్ళు మూసుకుని, చెర్రీ కేకు సగానికి సగం కోసి అతని ముందుకి తోసింది.

"ఆ పిల్ల అరిస్తే మీరు నాకెందుకు వడ్డిస్తున్నారమ్మా?" అన్నాడు టోలివర్, బెల్టు ఒక గడి వదులు చేసుకుంటూ.

"నువ్వు తిను నాయనా. దూరం వెళ్ళాల్సినవాడివి."

"ఇలా తింటే గుమ్మం దాకా కూడా వెళ్ళలేను."

"మరీ మంచిది."

అరుపులు దగ్గర దగ్గరయ్యాయి. పాలపొడి డబ్బా అలమరలో కంటి ముందే ఉంది. నీళ్ళు పొయ్యి మీద కాగుతూనే ఉన్నాయి. రెండు చెంచాలు కలిపితే చాలు, ఆ ఏడుపు ఆగిపోతుంది. ఆమె అలమరకి వీపు తిప్పి నిలబడి, టోలివర్ నోటినే చూస్తూ ఉండిపోయింది.

ఉన్నట్టుండి అరుపు ఆగింది.

గరిటె గాల్లోనే నిలిచిపోయింది. అమాచీ చెవులు రిక్కించింది. ఏమీ లేదు. గొర్రె కుమ్మేసిందా? మైలిస్ విసిగిపోయి లారీలోకి ఎత్తేసిందా? పోయి చూడాలని ఉంది, కాలు పడటం లేదు.

"ఆపేసిందే," అన్నాడు టోలివర్. బల్ల ఆసరాతో లేచి నిలబడి, అమాచీ ముఖం చూసి, భుజం కింద చెయ్యి వేశాడు. "రండి, చూసొద్దాం. నాకూ నాలుగడుగులు వేస్తే తప్ప ఊపిరాడేట్టు లేదు."

కొట్టంలో మైలిస్, ఎవరిస్తో ఊపిరి బిగబట్టి నిలబడి ఉన్నారు. మైలిస్ పెదవుల మీద వేలు పెట్టి, రమ్మని చెయ్యూపింది.

పొలీటా గొర్రె కిందకి దూరి ఉంది. మూతితో పొదుగుని ఎగదోస్తూ, గుటకలు వేస్తోంది. గుటక గుటకకీ తోక గిరగిర తిరుగుతోంది. గొర్రె కళ్ళు అరమోడ్చి, మెడ వంచి, ఆ తోక దగ్గర మూర్కొంటూ లోగొంతుకతో గురగురమంటోంది.

"పొలీటా," అంది అమాచీ. అలవాటు కొద్దీ అనేసింది.

తోక ఆగలేదు. గొర్రె మాత్రం తలెత్తింది. ముందుకాలు ఎత్తి నేలకేసి టప్పున కొట్టింది. అమాచీ ఇంకో అడుగు వేసేసరికి, తల వంచి వచ్చి, ఆమె చెయ్యి ఆనించిన చెక్కని ధడాలున కుమ్మింది.

"వెనక్కి రా అమాచీ! కోపంగా ఉంది."

"ఉండాలి మరి," అంది అమాచీ. ముఖమంతా ముడతలు పడేలా నవ్వుతోంది, కళ్ళు కారుతున్నాయి. "సరేలేవే తల్లీ, నీ బిడ్డే. నేనేం ఎత్తుకుపోనులే."

గొర్రె నమ్మలేదు. మళ్ళీ కాలితో కొట్టింది. అమాచీ దాని మాట మన్నించి, ఒకడుగు, ఇంకో అడుగు వెనక్కి వేసింది. అక్కణ్ణించి పిల్ల కనబడటం లేదు. గిరగిర తిరిగే తోక ఒక్కటే కనబడుతోంది.