అక్షరం పొల్లు పోకుండా

రూఫస్‌ను ఎవరైనా ఏం చేస్తుంటారని అడిగితే, జీతమిచ్చే ఉద్యోగం సంగతి చిట్టచివర చెప్పేవాడు. ఆస్పత్రులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసిచ్చే ఆబిడ్స్ కంపెనీ గురించి చెప్పుకోవడానికి ఏముంటుంది? ముందు గొంతు సవరించుకుని, "క్రిప్టోగ్రఫీల పనిచేస్త. ఓపెన్ సోర్స్," అనేవాడు. అంటే ఏమిటని అవతలివాళ్లు అడగాలి. అడక్కపోయినా చెప్పేవాడు.

చెప్పేది అబద్ధమేమీ కాదు. మోహర్ అని ఒక సాఫ్ట్‌వేర్ ఉంది. పరాయివాళ్లు చదవకుండా ఫైళ్లకు తాళం వేసి పంపడానికి వాడతారు. దాని కోడ్ ఎవరైనా చదవొచ్చు, దిద్ది పంపొచ్చు. చూసుకునే పెద్దలు సరేనంటే అందులో చేరుతుంది. ఎనిమిదేళ్లలో రూఫస్ పంపినవి నూట పన్నెండు అలా చేరాయి. ఆ సంఖ్య అతనికి కంఠతా వచ్చు. అందులో తొంభై దాకా స్పెల్లింగ్ తప్పులూ, పనిచేయని లింకులూనన్న సంగతి మాత్రం ఎవరితోనూ అనలేదు. అసలు తాళం వేసే కోడ్‌లో అతను వేలు పెట్టింది ఒకే ఒక్కసారి. అక్కడొక ఖాళీ లైన్ ఎక్కువుంటే తీసేశాడు. దానికే ముగ్గురు పరిశీలించి, రెండు వారాలకు ఒప్పుకున్నారు. ఆ రోజు ఇంటికి బిర్యానీ తెప్పించాడు. "ఇయ్యాల ఏం పండుగ?" అని భార్య మాబెల్ అడిగితే, "సెక్యూరిటీ," అన్నాడు.

అలాంటి రూఫస్‌కు మార్చి నెలలో మోహర్ పెద్దల నుంచి మెయిల్ వచ్చింది. కొత్త వెర్షన్ విడుదలైనప్పుడల్లా, ఇది అసలుదేనని నలుగురు తమ డిజిటల్ సంతకం పెట్టాలి. ఆ నలుగురిలో ఒకాయన తప్పుకున్నాడు, ఆ చోటు నువ్వు తీసుకుంటావా అని అడిగారు. షరతు ఒక్కటే. మిగిలిన ముగ్గురిలో ఒకరిని ముఖాముఖి కలిసి గుర్తింపు కార్డు చూపించాలి. మీ ఊళ్లోనే 'ఉజ్' ఉన్నారు, కలవండి అన్నారు.

ఉజ్! నాలుగేళ్లుగా రూఫస్ పంపినవాటిలో సగం వెనక్కి కొట్టిన మనిషి. కామా ఎక్కువైనా ఊరుకోని ఆ మనిషి ఏ జర్మనీలోనో బట్టతలతో కూర్చున్న పెద్దాయన అయి ఉంటాడని రూఫస్ ఊహ. తీరా చూస్తే లక్డీకాపూల్‌లో సర్కారు ఉద్యోగం చేసే ఉజ్వల అట.

శనివారం పదకొండు గంటలకు నాంపల్లి స్టేషన్ ఎదురుగా ఉన్న హోటల్‌లో కలుద్దామనుకున్నారు. రూఫస్ ఇస్త్రీ చొక్కా వేసుకుని అరగంట ముందే వెళ్లి కూర్చున్నాడు. ముప్పై ఐదేళ్లున్న ఒకామె లోపలికొచ్చి, నాలుగు బల్లలూ చూసి, అతని ఎదురుగా కూర్చుంది.

"రూఫస్ సారేనా? కార్డు తెచ్చిన్రా?"

ఆధార్ కార్డు ఇచ్చాడు. తన డిజిటల్ సంతకం వివరాలు అచ్చేసిన కాగితమూ ఇచ్చాడు. ఆమె రెండూ పక్కపక్కన పెట్టి, వేలితో అక్షరం అక్షరం తడుముకుంటూ పోయింది. వేలు ఒకచోట ఆగింది.

"సార్, గీడ ఏ ఉంది."

"ఏ ఏంది?"

"కార్డుల మీ పేరుకు చివర ఏ, ఎస్ ఉంది. కాయితంల యు, ఎస్ ఉంది. కలుస్తలేదు."

రూఫస్ నవ్వేశాడు. "కార్డు కొట్టినోళ్ల తప్పమ్మా అది. నాలుగేండ్ల సంది కొట్లాడుకుంటున్నం, నేనే రూఫస్ అని తెల్వదా?"

"కొట్లాట తెల్సు సార్. మనిషే తెల్వదు." ఫోన్‌లో మోహర్ నియమాల పేజీ తీసి చూపించింది. "పేరు అక్షరం పొల్లు పోకుండ కలవాలె, కలవకపోతే మొహమాటపడకుండ వాపస్ పంపాలె అని ఉంది. ఎవరు రాసిన్రు ఇది?"

రాసింది రూఫసే. అతని నూట పన్నెండులో పేరా అనదగ్గది అదొక్కటే. మొహమాటం సంగతి కూడా చేర్చినందుకు అప్పట్లో తనను తాను మెచ్చుకున్నాడు.

సోమవారం సెలవు పెట్టి, ఆబిడ్స్‌లోని ఆధార్ సెంటర్‌కు పోయాడు. లైన్లో నిలబడ్డ రెండు గంటలూ ఒక ఉపన్యాసం తయారు చేసుకున్నాడు. కౌంటర్ దగ్గరికి చేరాక, అక్కడున్న స్వర్ణ అనే అమ్మాయి మీద అది మొదలుపెట్టాడు. "మనిషి పేరంటే చిన్న ముచ్చట కాదమ్మా. ఒక్క అక్షరం తేడా వస్తే..."

"పదో తరగతి మెమో తెచ్చిన్రా సార్?"

ఇచ్చాడు. ఆమె చూసి తిరిగిచ్చేసింది. "దీంట్ల గూడ ఏనే ఉంది గద. యు ఉన్న కాయితం ఏదన్న ఉందా?"

వెనక లైన్లో ఎవరో కిసుక్కుమన్నారు. రూఫస్ ఆలోచించాడు. డిగ్రీలో ఏ. పాన్ కార్డులో ఏ. బ్యాంకు పాస్‌బుక్‌లో ఏ. ఒకరి తప్పు చూసి ఒకరు రాసుకున్నారని ఇరవై ఏళ్లుగా అనుకుంటున్నాడు. యు ఉన్నదల్లా తను స్వయంగా టైపు చేసినచోటనే.

ఇంటికొచ్చేసరికి తండ్రి సామ్ సుందర్ చింతచిగురు ముందేసుకుని పుల్లలు ఏరుతున్నాడు. నాంపల్లి స్టేషన్ రిజర్వేషన్ కౌంటర్‌లో చేసి రిటైరైన మనిషి.

"డాడీ, బడిల నా పేరు తప్పు రాపించినవా?"

"తప్పేంది? పాస్టరయ్య ఎట్ల రాసిచ్చిండో గట్లనే రాపించిన. కౌంటర్ల గూడ అంతే. ఫారంల ఎట్లుంటే గట్లనే టికెట్ కొట్టాలె, మన ఇంగ్లీషు చూపెట్టొద్దు. ఇంజినీరింగ్ల చేరంగనే నువ్వే మార్చినవు."

"నేనా?"

"ఔ. ఇంటర్నెట్ దుకాణంల యు పెట్టి మెయిల్ ఐడీ చేసుకొనొచ్చి, మా డాడీకి స్పెల్లింగ్ రాదని నీ దోస్తుకు చెప్పలే? నేను తలుపు కాడనే ఉన్న."

అది అనేసి మళ్లీ చిగురు మీదికి వంగాడు. ఆ గొంతులో కోపం లేదు. ఉండి ఉంటే రూఫస్‌కు కాస్త తేలికగా ఉండేది. ఆ దోస్తు గుర్తొచ్చాడు, ఆ సాయంత్రం గుర్తొచ్చింది. పక్కన చతికిలబడి తనూ పుల్లలు ఏరసాగాడు.

"అప్పుడే తిట్టకపోయినవా?"

"తిడితే వింటుంటివా? ఇంజినీరువైతివి."

వంటింట్లోంచి మాబెల్ అందుకుంది. "లోకం స్పెల్లింగులన్ని దిద్దిండు మామయ్యా. ఇంట్లదానికి తీరిక దొరకలే."

ఆ వారంలోనే పేరులో ఏ పెట్టి కొత్త డిజిటల్ సంతకం తయారు చేసుకున్నాడు. ఎందుకు మార్చావని పెద్దలు అడిగితే ఏం కథ అల్లాలా అని గంటసేపు కూర్చుని, చివరికి ఒక్క వాక్యం రాశాడు: "కార్డుది తప్పు కాదు, నాదే." ఎనిమిదేళ్లలో అతను రాసినవాటిలో అందరూ ఒక్క సవరణా అడక్కుండా ఒప్పుకున్నది అదే.

మళ్లీ శనివారం, మళ్లీ అదే హోటల్. ఉజ్వల వేలు ఈసారి ఎక్కడా ఆగలేదు. ఆ తరువాత సంతకం తాలూకు నలభై అక్షరాల గుర్తును పైకి చదవమంది. రూఫస్ చదువుతుంటే చాయ్ తెచ్చినతను గ్లాసులు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"సరే సార్. ఇంటికి పోయి ఆమోదిస్త," అంది ఉజ్వల. కానీ లేవలేదు.

"ఇంకేమన్న ఉందా?"

"నా కార్డు చూడరా?"

రూఫస్‌కు వెంటనే అర్థం కాలేదు.

"ఒకరిది ఒకరు చూడాలె. పోయినసారి గూడ మీరు అడగలే. నేనే ఉజ్వలనని మీకెవరు చెప్పిన్రు?"

ఎవరూ చెప్పలేదు. వచ్చి ఎదురుగా కూర్చుంది, అతను నమ్మాడు. ఆ వేళకు ఇంకెవరొచ్చి కూర్చున్నా కార్డు తీసి చేతిలో పెట్టేవాడే. ఎవరినీ ఊరికే నమ్మొద్దని దేశదేశాల వాళ్లకు ఎనిమిదేళ్లుగా మెయిళ్లు రాసిన మనిషి! కళ్లద్దాలు తీసి తుడుచుకుని, పెట్టుకుని, ఆమె కార్డు అందుకున్నాడు. పేరు చదివాడు. మళ్లీ చదివాడు. ఫోటో వంక, ఆమె వంక చూశాడు.

"ఫోటో మీ తీరుగ లేదు," అన్నాడు, భయం భయంగా.

"ఎవరిది మాత్రం ఉంటది సార్?" అంటూ ఉజ్వల నవ్వింది. ఆమె నవ్వడం అతను చూడటం అదే మొదలు. "తొందరేం లేదు. నిమ్మళంగ చూడున్రి."

రూఫస్ ఇంకో రెండు చాయ్‌లు చెప్పి, కార్డు రెండోవైపు తిప్పాడు.