నీలం టోపీవాడి మోకాలు

జహీరాబాద్‌లో బొంబాయి రోడ్డు మీద పంక్చర్లు వేసే మాణిక్ నోరు విప్పితే చాలు, హైదరాబాద్ బస్సు కూడా ఆగి విని పోయేది. టైరులో గాలి పోయి ఆగింది అనుకునేవాళ్లు వట్టి అమాయకులు.

డెబ్భై తొమ్మిదిలో అతనికి ఏడాది పొడుగునా సరిపోయే కథ దొరికింది. లారీ డ్రైవర్ రామ్‌కిషన్ బొంబాయి నుంచి వచ్చినప్పుడల్లా, అక్కడి పాత పేపర్ల దుకాణంలో ఏరిన ఇంగ్లీషు మోటార్‌సైకిల్ పుస్తకం ఒకటి తెచ్చి ఇచ్చేవాడు. అందులో ప్రపంచ రేసులు. ఒకసారి స్పెయిన్‌లో, ఒకసారి ఇటలీలో, ఇంకోసారి హాలెండులో. అన్ని రేసులూ అయ్యాక, అందరికంటే బాగా నెగ్గినవాడు ఆ ఏటికి చాంపియన్. మాణిక్‌కు చదువు రాదు. బొమ్మలు కళ్లు చూసుకునేవి, మిగతాది నోరు చూసుకునేది.

ఆ బొమ్మల్లో నీలం హెల్మెట్టువాడొకడు అతని మనసులో కూర్చున్నాడు. ఏ పేజీ తిప్పినా పాపం పడిపోతూనే ఉన్నాడు. బండి పక్కకు ఒరిగిపోయి, మోకాలు రోడ్డుకు రాసుకుంటూ.

"ఇటలీల గూడ పడ్డడుల్లా!" తారాబాయి చాయ్ హోటల్ బెంచీ ఎక్కి చెప్పేవాడు మాణిక్. "పడి లేసిండు. లేసి గట్ల ఉరికిచ్చిండు బండిని, ఆయన నీడ ఎనకబడ్డది! రేసు ఒడిసింది, మొకం కడుక్కున్నడు, అన్నం ముందల కూసున్నడు, అప్పుడొచ్చింది నీడ, రొప్పుకుంట!"

"హాలెండు ఎట్లుంటదే?" తారాబాయి చాయ్ వడపోస్తూ అడిగేది.

"అచ్చం మన కోహీర్ ఊరే అక్కా. జామకాయలు దొరకయి, గంతే."

అందరూ నవ్వేవాళ్లు, అల్లం వ్యాపారి విరూపాక్ష తప్ప. బజారు మొత్తానికి తళతళలాడే యెజ్డీ మోటార్‌సైకిల్ ఆయనదొక్కటే. దాన్ని తన భుజం మీది కండువాతో తుడుచుకునేవాడు, ఈగను కూడా వాలనిచ్చేవాడు కాదు.

"దినాం పడెటోడు చాంపియన్ ఎట్లయితడురా?" అన్నాడు ఒకరోజు.

"అయితడు సేటూ. పడ్డోడికే లేసుడు ఎరుక."

"కాకపోతే?"

"కాకపోతే ఏడాది దాకా నోరు తెరువ."

తారాబాయి చాయ్ గిన్నె దించి ఇటు తిరిగింది.

"అయితేనో?" అంది తారాబాయి. "నువ్వేమిస్తవు సేటూ?"

విరూపాక్ష ధీమాగా మీసం దువ్వాడు. "నా బండి ఇస్త. చిరాగ్‌పల్లి దాకా పోయి రమ్మను."

ఇక్కడే మాణిక్ గుండె రెండు విధాలుగా కొట్టుకుంది. ఓడితే ఏడాది మౌనం. లోపల ఊరే మాటలన్నీ ఎక్కడ పారబోసుకోవాలి? గెలిస్తే అంతకంటే పెద్ద ఇబ్బంది. మోటార్‌సైకిళ్ల గురించి ఇంత చెప్పే మాణిక్, తన జన్మలో ఒక్కటీ నడపలేదు. నెట్టాడు, విప్పాడు, బిగించాడు. ఎక్కింది లేదు.

ఆఖరి పుస్తకం డిసెంబరులో వచ్చింది. బీదర్‌లో రైల్వే గుమాస్తాగా చేసే పీటర్ క్రిస్మస్‌కు ఇంటికి వచ్చి, అప్పుడే చాయ్‌కి కూర్చున్నాడు. విరూపాక్ష పుస్తకం లాక్కుని ఆయన చేతిలో పెట్టాడు.

"చదువుండ్రి సారూ. ఉన్నదున్నట్టు."

పీటర్ కళ్లద్దాలు సర్దుకున్నాడు. "చాంపియన్ గీ నీలం హెల్మెట్టాయనే."

మాణిక్ బెంచీ మీద ఎగిరిన ఎగురుకు సాసర్లు గలగలమన్నాయి. పీటర్ వేలెత్తాడు. "ఆగు జర. గిండ్ల ఇంకోటి రాసిన్రు. ఆయన ఏడాదిల ఒక్కసారి గూడ పడలే. మూల తిరిగేటప్పుడు బండి వంచి, మోకాలు రోడ్డుకు ఆనిస్తడట. అది ఆయన తరీఖా."

మాణిక్ ఎగరడం ఆపేశాడు.

"మరి నువ్వు ఆయనను పదిసార్లు పడగొడితివి గదరా!" విరూపాక్ష లేచాడు. "అన్నీ అబద్ధాలే! పందెం లేదు, గిందెం లేదు!"

"చాంపియన్ అయితడన్నడు, అయిండు," తారాబాయి గరిటెతో బల్ల మీద ఒక్కటి కొట్టింది. "తాళంచెవి తియ్యి సేటూ."

అట్లా మాణిక్ యెజ్డీ ఎక్కాడు. కిక్కు కొట్టడం తెలుసు, గేరు వేయడం తెలుసు. ఒక గేరు పడ్డాక ఇంకోటి ఎందుకులే అనుకున్నాడు. చెరుకు బండి లాగుతున్న ఎద్దు పక్కనుంచి దాటిపోతూ అతని వంక జాలిగా చూసింది. అయినా చిరాగ్‌పల్లి వచ్చింది. రాకుండా ఎటు పోతుంది, రోడ్డు అటే ఉంది.

చిక్కల్లా వెనక్కి తిరగడంలో వచ్చింది. తిప్పడం ఎట్లానో ఎవరూ చెప్పలేదు. నీలం టోపీవాణ్ణి తలుచుకుని బండిని వంచాడు. బండి వంగింది, ఇంకా వంగింది. మోకాలు రోడ్డుకు ఆనింది, ఆ తర్వాత మోచెయ్యి, ఆ తర్వాత మాణిక్ మొత్తం. రోడ్డు పక్కన జారిపడి ఉన్న చెరుకు ఆకుల కుప్ప ఇద్దరినీ, అంటే మాణిక్‌నూ బండినీ, మెత్తగా అందుకుంది.

బండిని లేపి, చేతులతో ఇటు తిప్పుకుని, అతను తిరిగి వచ్చేసరికి హోటల్ ముందు అందరూ నిలబడి ఉన్నారు. విరూపాక్ష పరుగెత్తుకొచ్చి బండి చుట్టూ తిరిగాడు. అద్దం వంకర పోయింది. హ్యాండిల్‌కు చెరుకు ఆకు వేలాడుతోంది. మాణిక్ ప్యాంటు మోకాలి దగ్గర గుమ్మమంత చిరిగింది.

"పడ్డవా?" అరిచాడు. "అరే, పడ్డవా?"

మాణిక్ నింపాదిగా దిగి, మోకాలి మీది మట్టి దులుపుకున్నాడు.

"పడుడా? తోబా తోబా! పీటర్ సారు చెప్పలే? మూల తిరుగుడంటే గిట్లనే సేటూ." అంటూ బెంచీ ఎక్కాడు. "అక్కా, చాయ్ పోయ్. ఇగ ఇనుండ్రి, చిరాగ్‌పల్లి కాడ నా నీడ ఎనకబడ్డది..."

ఆ మాటకు విరూపాక్ష కూడా అద్దం సరిచేసి వచ్చి, బెంచీ మీద చోటు చేసుకుని కూర్చున్నాడు.