పసుపు పీపా దాకా ఎంత దూరం

ఆ ఊళ్ళో చేపలు పట్టేవాళ్ళెవరికీ ఈత రాదు. నేర్చుకోరు కూడా. ఐర్లండ్ పడమటి సముద్రంలో పడ్డవాడికి ఈత వస్తే చావు కాస్త ఆలస్యమవుతుందంతే అనేది తాతల నాటి మాట. ఫెస్టీ అరవై రెండేళ్ళూ ఆ మాటే పట్టుకుని బతికాడు.

పదకొండేళ్ళ కిందట, ఓ ఫిబ్రవరి పొద్దున, అతని అన్న బార్ట్లీ రేవుకెదురుగా నీళ్ళలో గొలుసుతో లంగరేసి తేలుతుండే పసుపు పీపాకి కట్టేసిన తమ పెద్ద పడవ దగ్గరికి చిన్న పడవలో వెళ్ళాడు. ఎక్కబోతుంటే చిన్నది బోల్తా కొట్టింది. బార్ట్లీ పీపా గొలుసు దొరకబుచ్చుకుని వేలాడాడు. రేవు మెట్ల మీదున్న ఫెస్టీ తాడు విసిరాడు. అందలేదు. మళ్ళీ మళ్ళీ విసిరాడు. ఊళ్ళోవాళ్ళు పడవేసుకొచ్చేసరికి బార్ట్లీ వేళ్ళు కొంకర్లు పోయి గొలుసు వదిలేశాయి.

"చాలా దూరం వదినా. మనిషన్నవాడు పోలేని దూరం" అని ఆ సాయంత్రం బార్ట్లీ భార్య డెలియాతో చెప్పాడు ఫెస్టీ. ఆమె నమ్మింది. అతనూ నమ్మాడు. ఆనాటి నుంచీ ప్రతి ఆదివారం చర్చి అయ్యాక అతనికి భోజనం ఆమె ఇంట్లోనే.

పోయిన శరదృతువులో నలుగురైదుగురు ఆడవాళ్ళు రోజూ పొద్దున్నే ఆ మెట్ల దగ్గర ఈతకు దిగడం మొదలుపెట్టారు. వాళ్ళ పెద్ద ఊనా, రిటైరైన టీచరు. డెబ్భై ఏళ్ళ ఆ మనిషి పక్కావిడతో ఆ పూట వండే కూర గురించి మాట్లాడుకుంటూ పీపా చుట్టి రావడం ఫెస్టీ గోడ మీద కూర్చుని చూశాడు. మూడ్రోజులు తిండి సయించలేదు. నాలుగో రోజు వెళ్ళి అడిగాడు.

"టీచరుగారూ, నాకు నేర్పుతారా?"

"ఏమయ్యా ఫెస్టీ, చేపల మీద జాలేసి నువ్వే వాటి దగ్గరికి పోతున్నావా?" అని ఆడవాళ్ళు పకపకా నవ్వారు. ఊనా నవ్వలేదు.

మొదటి రోజు నడుము లోతుకే ఊపిరి గొంతులో అడ్డం పడింది. ఒళ్ళంతా సూదులు. "నీళ్ళని అలా బాదకు. అవి నీకేం చేశాయని..." అంటూ ఊనా నాలిక్కరుచుకుంది.

క్రిస్మస్ వెళ్ళింది. జనవరిలో ఒక పొద్దున ఊనా పక్కనే ఈదుతూ ఉండగా ఫెస్టీ పీపా చేరాడు. గొలుసు పట్టుకుని వెనక్కి తిరిగాడు. మెట్ల మీద విప్పిన తన బూట్ల తాళ్ళు కూడా కనిపిస్తున్నాయి.

"ఎంతసేపు పట్టింది?"

"నిమిషం కూడా పట్టలా! శెభాష్!" అనేసి, అతని మొహం చూసి ఊనా గొంతు తగ్గించింది. "అప్పుడు దూకుంటే నువ్వూ పోయేవాడివి ఫెస్టీ. ఇది మూణ్ణెల్లు నేర్చుకున్న ఒళ్ళు."

"నేర్చుకోడానికి అప్పటికే నాకు యాభై ఏళ్ళు దొరికాయి కదా టీచరుగారూ."

గొలుసు మీంచి అతని వేళ్ళు ఊడదీసి ఒడ్డుకి తేవడానికి ఇద్దరు ఆడవాళ్ళు కావలసి వచ్చింది.

ఆదివారం డెలియా ఉడికించిన పంది మాంసం, క్యాబేజీ వడ్డిస్తుంటే చెప్పేశాడు. "దూరం కాదు వదినా. నిమిషం. నేను ఈదొచ్చాను."

ఆమె గరిటె కింద పెట్టింది.

"దూరం అన్నావు. ఆ మాట తల కింద పెట్టుకుని పదకొండేళ్ళు నిద్రపోయాను. ఇప్పుడు అదీ లాక్కోడానికొచ్చావా?"

"నాకూ తెలీదు వదినా. ఒట్టు."

"తెలీదని తెలుసు. తెలిశాక నీలోనే పెట్టుకోలేకపోయావా? నీ బరువు దించుకోడానికి నా ఇల్లే దొరికిందా?" ఆమె అరవలేదు. తినని కంచం తీసేసింది. "ఇక వెళ్ళు ఫెస్టీ."

తర్వాతి ఆదివారం తలుపు కొట్టాడు. లోపల రేడియో మోగుతూనే ఉంది. ఎవరూ రాలేదు.

అతను మాత్రం రోజూ పీపా దాకా ఈదుతూనే ఉన్నాడు. గొలుసు పట్టుకుని, వేళ్ళకు స్పర్శ పోయేదాకా కదిలేవాడు కాదు. "ఇది ఈత కాదు, శిక్ష. నీతో నేను దిగను" అంది ఊనా ఒకరోజు. మర్నాటి నుంచీ అతను ఆడవాళ్ళ కంటే గంట ముందే రావడం మొదలుపెట్టాడు.

ఫిబ్రవరి చివర్లో ఒక పొద్దున వాళ్ళు వచ్చేసరికి ఫెస్టీ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. పళ్ళు టకటకలాడుతున్నాయి. చొక్కా బొత్తాలు పెట్టుకోడానికి వేళ్ళు రావడంలేదు. ఊనా గబగబా వెళ్ళి అతని ముందు మోకరిల్లి, కిందనుంచి పైదాకా ఒక్కొక్క బొత్తామే పెట్టింది. అతను ఆమె వంక చూడలేదు.